తొలి నూనె

నాలుగో దిబ్బ సవారీ పుస్తకం. పేజీలకి అంకెలు వేసింది దిబ్బ చుట్టూ ఉన్న కట్టకి పెద్ద, బసవపున్నయ్యగారు. రాస్తున్నది నాంచారమ్మ.

బహుళ పాడ్యమి

ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదని మొదటి పేజీలో ఉంది. అందుకని నిజమే రాస్తున్నాను. ఇవాళ నాకు కడుపు మండిపోయింది.

పొద్దున సముద్రం ఎక్కని మెరక నుంచి బల్లకట్టు వచ్చింది. బియ్యం, మందులు, మేకుల పెట్టెలు దించాక చివర్లో పట్టా కప్పిన కొత్త నాలుగు చక్రాల క్వాడ్ బండి దింపారు. పట్టా లాగితే ఎర్రగా ఉంది. ఉప్పుగాలికి ఏ రంగైనా ఏడాది తిరక్కుండా తెల్లబడిపోయే ఈ దిబ్బ మీద అంత ఎరుపు చూసి జనం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. దానికి గేర్లు లేవు, చైను లేదు. పక్కన డబ్బా మూత విప్పితే లోపల రెండు క్లచ్ కప్పీలు, వాటిని కలుపుతూ రెండు వేళ్ళ వెడల్పు రబ్బరు బెల్టు. బొటనవేలితో మీట నొక్కితే కప్పీలు వాటంతట అవే బిగుసుకుని బెల్టుని పట్టుకుంటాయట, బండి కదులుతుందట. కూర్చోవడం ఒక్కటే మనం చెయ్యాల్సిన పని.

పంతొమ్మిదేళ్ళుగా ఈ దిబ్బ నుంచి ఏడో దిబ్బకి సామాను చేరవేస్తున్నది నేను. పాటు వేళ సముద్రం వెనక్కి తగ్గి పర్ర బయటపడ్డాక గుంజల వెంబడి పోవాలి, పోటు లేవకముందే చేరాలి. నలభై గుంజల దూరం. నీళ్ళున్నప్పుడు పడవలో పోదామంటే అడుగున మునిగిన ఊళ్ళ గోడలు పడవ పొట్ట చీలుస్తాయి. ఏ గుంజ దగ్గర బురద మెత్తనో, ఎక్కడ గట్టిదో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా బండి పేరు కర్రి. గేర్ల బండి, చైను బండి, నాతోపాటే ముసలిదైంది.

ఇంత ఉండగా బసవపున్నయ్యగారు ఏమన్నారంటే, "కొత్త బండి మాణిక్యానికిద్దాం నాంచారమ్మా. చిన్నపిల్ల, తొందరగా పట్టుకుంటది. నీకు కర్రి అలవాటే గదా."

మాణిక్యం నాకు తోటికోడలు, మా మరిది పెళ్ళాం. మూడేళ్ళ కిందట దానికి సవారీ నేర్పింది నేనే. క్లచ్ ఎప్పుడు వదలాలో తెలియక కర్రిని పదిసార్లు ఆపేస్తే, దాని వేళ్ళ మీద నా వేళ్ళు పెట్టి నేర్పాను. ఇప్పుడు క్లచ్చే పట్టుకోనక్కర్లేని బండి దానికొచ్చింది. నక్కతోక తొక్కి వచ్చింది మహాతల్లి.

షరతు ఇది. అమావాస్య దాకా పరీక్ష. ఈలోగా కొత్త బండి మూడుసార్లు దారి మధ్యలో చెడితే బల్లకట్టు మీద మెరకకి తిరిగి పోతుంది, ఏడో దిబ్బ దారి నాకే ఉంటుంది. అలా కాకపోతే దారి మాణిక్యానిది, కర్రిని విప్పి ఇనుము కింద వాడేస్తారు. అమావాస్య సాయంత్రం మేమిద్దరం సవారీ పుస్తకాలు అందరి ముందూ పైకి చదివాక తేలుస్తారు.

సాయంత్రం నూనె వేళకి బండి చుట్టూ జనం చేరారు. ఇక్కడ ఇనుముకి రోజూ చేపనూనె పెట్టకపోతే వారంలో ఉప్పు తినేస్తుంది. తలుపు బందుల నుంచి అట్ల పెనం దాకా అన్నిటికీ పెడతాం. కొత్త ఇనుము దిబ్బ ఎక్కితే దానికి తొలి నూనె ఆ పనిలో పెద్ద చెయ్యి పెట్టాలి. అంటే నేను. బండి ఇవ్వలేదు గానీ నూనె పెట్టే మర్యాద మాత్రం ఇచ్చారు. సరే, నాకేమీ కుళ్ళు లేదని అందరికీ తెలియాలని కుంచె తీసుకుని ఇరుసులకీ, బోల్టులకీ, డబ్బా మూత విప్పి ఆ రెండు కప్పీలకీ, బెల్టుకీ లోపలా బయటా కారేలా పెట్టాను. ఒక్క చోటు వదల్లేదు.

"చూశావా, అక్క ఎంత ఓపిగ్గా పెట్టిందో. రోజూ ఇట్టాగే పెట్టుకో," అన్నారు బసవపున్నయ్యగారు.

"పెట్టుకుంటా," అంది మాణిక్యం. నా కాళ్ళకి దణ్ణం కూడా పెట్టింది. అది మర్యాదగా ఉంటే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

తదియ

మాణిక్యం సామాను లేకుండా ఉత్త బండి మీద ఏడో దిబ్బకి పోయి అదే పాటులో తిరిగొచ్చేసింది. నేను కర్రి మీద పోతే ఆ రాత్రికి అక్కడే ఉండి మర్నాడు రావాలి. కట్ట మీద అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టిన వాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు.

"దాని లైటు చూశావా, పట్టపగల్లా ఉంది," అన్నాడు ఇంటికొచ్చాక చేపలు తోముతూ.

"పట్టపగలు వేసిన లైటు పట్టపగల్లా కాక ఎట్టా ఉంటది?" అన్నాను.

"సీటు కూడా మెత్తగా ఉందంట."

"అయితే ఎల్లి దాని మీదే పడుకో."

ఆయన పులుసులో ఉప్పు ఎక్కువ వేసి కక్ష తీర్చుకున్నాడు. నేనూ పంతానికి గిన్నె ఖాళీ చేశాను. బండితో పాటు వచ్చిన చిన్న పుస్తకం పెద్ద సవారీదాన్నని నాకే ఇచ్చారు. దాన్ని బియ్యం డబ్బా మీద మూతగా పెట్టాను. పంతొమ్మిదేళ్ళ తర్వాత బండి ఎలా తోలాలో పుస్తకం చూసి నేర్చుకునే ఖర్మ నాకేమిటి?

పంచమి

మాణిక్యం ఇవాళ పద్దెనిమిదో గుంజ నుంచి వెనక్కొచ్చింది.

వస్తుంటేనే కట్ట మీదికి రబ్బరు కాలిన వాసన కొట్టింది. ఇంజను గొంతు చించుకుంటోంది, బండి మాత్రం మనిషి నడకంత నడుస్తోంది. ఆగి మళ్ళీ కదిలేటప్పుడు ముందు ఏమీ లేదు, తర్వాత ఒక్కసారి తన్నింది. మాణిక్యం హ్యాండిల్ మీదికి పడబోయింది.

నాకు సంతోషమైంది. రాయకూడదు గానీ అయింది. చంకలు గుద్దుకోలేదంతే.

"ఏంటక్కా ఇది? మీట నొక్కితే ఇంజను అరుస్తంది గానీ చక్రం తిరగట్లా," అంది మాణిక్యం. దాని ముఖమంతా చెమట, బురద.

ఆ బండికి బొటనవేలి మీట కాక ఇంకో రెండు మీటలున్నాయి, ఒకటి తేలిక సవారీకి, ఒకటి బరువు సవారీకి. బరువేసుకుని తేలిక మీట మీద తోలితే ఏ క్లచ్ అయినా జారుతుంది. పదిమంది ముందూ నిలబెట్టి ఆ సంగతి గట్టిగా చెప్పాను. అది తల వంచుకుని విని, "బరువు మీట మీదే తోలానక్కా," అంది.

"తోలితే ఇట్టా ఎందుకవుద్ది?" అన్నాను.

జనం దాని వైపు చూశారు.  బసవపున్నయ్యగారు తన కాగితంలో ఒకటి అని వేసుకున్నారు.

సప్తమి

మూత విప్పి చూశాం. లోపలంతా నల్ల పొడి, నూనెలో కలిసి కాటుకలా అంటుకుని ఉంది. బెల్టు పక్కలు గాజులా నున్నబడ్డాయి. గోరు పెడితే జారిపోతోంది. ఒకచోట కాలి చిన్న గొయ్యి పడింది.

బండితో ఒకే ఒక్క బెల్టు ఎక్కువ వచ్చింది. కప్పీ బిగించి ఉంటుంది, బెల్టు ఊడదు. మాణిక్యం చేతకాక నన్ను పిలిచింది. అది పిలవాలనే నేను అప్పటిదాకా కర్రి చైను తుడుస్తూ కూర్చున్నాను. పోయి, కప్పీ రెండు పలకల మధ్యా చెక్క దిగ్గొట్టి, పాతది తీసి కొత్తది తొడిగాను. అలాంటి బండి నేను అంతకు ముందు ఎప్పుడూ విప్పలేదు, అయినా నా చేతికి తెలిసింది. ఆ బండి నాది కావలసింది. 

కొత్త బెల్టుకి కూడా నేనే తొలి నూనె పెట్టాను.

"నీ చెయ్యి పడిందిగా, ఇంక భయం లేదు," అంది మాణిక్యం.

దశమి

అష్టమి, నవమి నాడు ఆటుపోట్లు మందంగా ఉంటాయి, పర్ర సరిగ్గా ఆరదు. సవారీలు లేవు. ఇవాళ మాణిక్యం బయల్దేరింది. పదకొండో గుంజ దగ్గరే వాసన వచ్చిందట. ఈసారి బండిని సగం తోసుకుంటూ తీసుకొచ్చింది. కాళ్ళు ఆల్చిప్పలకి కోసుకుపోయాయి.

రెండు.

సాయంత్రం మంచినీళ్ళ తొట్టి దగ్గర ఆడవాళ్ళు అదే మాట. కొత్త బండిని నాశనం చేసేసింది, చిన్నదానికి ఇవ్వడమే పొరపాటు, నాంచారమ్మ అయితే పువ్వులా చూసుకునేది. నేను కుండ నింపుకుంటూ, "పాపం, దానికి మాత్రం ఏం తెలుసు," అన్నాను. ఎంత తియ్యగా అన్నానో నాకే ఆశ్చర్యమేసింది.

ఏకాదశి

ఈ పేజీ జాగ్రత్తగా రాయాలి.

బరువు మీట సంగతి పుస్తకంలో ఎక్కడో ఉంటుంది, అమావాస్య నాడు అందరి ముందూ చదివి వినిపిస్తే ఇంక మాణిక్యానికి మాట ఉండదు అనుకున్నాను. బియ్యం డబ్బా మీద నుంచి ఆ చిన్న పుస్తకం తీశాను. అక్షరాలు మన భాషవి కావు, బొమ్మలున్నాయి. మీట బొమ్మ కోసం పేజీలు తిప్పాను.

తొమ్మిదో పేజీలో బెల్టు బొమ్మ ఉంది. దాని పక్కన ఒక నూనె చుక్క. ఆ చుక్క మీద ఎర్రగా అడ్డంగా గీత. కింద ఇంకో బొమ్మలో మనిషి పొడి గుడ్డతో కప్పీలు తుడుస్తున్నాడు.

చాలాసేపు చూశాను. ఎంత చూసినా అర్థం మారలేదు. బెల్టు పొడిగా ఉండాలి. రబ్బరు ఇనుముని పట్టుకుని లాగాలంటే రెండూ పొడిగా ఉండాలి. నూనె పెడితే జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే కాలుతుంది. తడి చేత్తో సీసా మూత తిప్పినట్టే. చెబితే ఎవరికైనా తెలిసే సంగతి, ఈ దిబ్బ మీద మాత్రం ఎవరికీ తోచలేదు. ఇనుము కనిపిస్తే నూనె పెట్టే చేతులు మావి.

మాణిక్యం తప్పేమీ లేదు. బండి తప్పూ లేదు. మొదటి రోజున కారేలా పెట్టింది నేను.

తెలియక పెట్టాను. అది నిజం. పుస్తకం మూసి మళ్ళీ డబ్బా మీద పెట్టాను. అదీ నిజం.

రేపు చెబుతాను.

ద్వాదశి

చెప్పలేదు.

నూనె వేళకి మాణిక్యం నా పక్కనే పీట వేసుకుని కూర్చుంది. కర్రి ఇటు, ఎర్రబండి అటు. దాని కాళ్ళకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. మూత విప్పి, కుంచె ముంచి, మొదట ఇరుసు, తర్వాత బోల్టులు, తర్వాత కప్పీలు. నేను నేర్పిన వరసే. ఒక్క ముక్క మార్చలేదు. ఇంకొక్కసారి చెడితే చాలు, బండి పోతుంది, నా దారి నాకుంటుంది, కర్రి ఉంటుంది. నేను ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊరుకుంటే చాలు అని లెక్క కట్టుకుంటున్నాను.

అప్పుడది నా వైపు తిరిగి అడిగింది.

"అక్కా, బెల్టుకి లోపలి వైపు కూడా పెట్టాలా?"

"పెట్టు," అన్నాను.

పై మాట కొట్టేశాను. కొట్టేసినా కింద అక్షరాలు కనపడేలా ఒక్క గీతే గియ్యాలని నియమం, అలాగే గీశాను. ఊరుకోవడం వేరు, పెట్టమనడం వేరు. నాకు తెలుసు. ఆ మాట నేనే అన్నాను.

చతుర్దశి

ఇది ఏడో దిబ్బలో రాస్తున్నాను. పుస్తకం ఎప్పుడూ నడుముకే కట్టుకుంటాం కాబట్టి నా దగ్గరే ఉంది. వేళ్ళకి ఇంకా బురద ఉంది. అక్షరాలు బాగుండవు.

పొద్దున్నే ఏడో దిబ్బ నుంచి ఎండకి తిప్పి కబురు పంపే అద్దం మెరిసింది. ఉప్పునీటిని మంచినీరు చేసే వాళ్ళ జల్లెడ చిరిగిపోయింది. రెండు వందల మంది, ఒక్క రోజుకి సరిపడా నీళ్ళు. మా దగ్గర రెండు కొత్త జల్లెడ రేకులున్నాయి. మధ్యాహ్నం పాటులోనే చేర్చాలి. అమావాస్య దగ్గరపడితే పోటు ఆలస్యం చెయ్యదు, అయిదింటికల్లా గుంజలు ముంచేస్తుంది.

"నేను పోతా కర్రి మీద," అన్నాను.

"నా వంతు అక్కా. నిన్న పక్కనున్న అయిదో దిబ్బకి బానే పోయొచ్చిందిగా," అంది మాణిక్యం.

"కొత్తదే తొందరగా పోద్ది," అన్నారు బసవపున్నయ్యగారు. "మాణిక్యమే ఎల్లనీ. చెడితే మూడోది, ఇంక మాట్లాడే పనుండదు."

నోరు తెరిచాను. బెల్టు తుడువు అని చెబితే, నీకెప్పుడు తెలిసిందని అడుగుతారు. మొన్న పెట్టమన్నావుగా అని మాణిక్యం అడుగుతుంది. తెరిచిన నోరు మూసుకున్నాను. అది పన్నెండింటికి పోయింది.

ఒకటిన్నరకల్లా అది చేరినట్టు అటు నుంచి అద్దం మెరవాలి. మెరవలేదు. కట్ట మీద ఎవరికీ ఇంకా కంగారు లేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. ఎవరికీ చెప్పకుండా కర్రిని స్టార్టు చేశాను. మా ఆయన వెనక నుంచి ఎక్కడికని అడుగుతూనే ఉన్నాడు.

ఇరవై ఏడో గుంజ దగ్గర కనపడింది. ఎర్రబండి ఇరుసుల దాకా బురదలో కూరుకుపోయి ఉంది. పర్రలో బండి ఆపితే చక్రాల కింద పలక వెయ్యాలి. దాని పలకని అప్పటికే బురద మింగేసింది. పక్క డబ్బా మూత విప్పి ఉంది, లోపలి నుంచి సన్నగా పొగ వస్తోంది. మాణిక్యం మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో నూనె డబ్బా పట్టుకుని ఉంది.

"ఇరవయ్యో గుంజ దగ్గర జారడం మొదలెట్టిందక్కా," అంది. "ఆపి మళ్ళీ నూనె పెట్టా. ఇంకా జారింది. ఇక్కడ ఇంకోసారి పెట్టా."

డబ్బాలో నూనె అడుగంటింది.

అప్పటికి రెండున్నర దాటింది. కర్రి వెనక రెండు రేకులు కట్టుకుని, మాణిక్యాన్ని ఎక్కించుకుని పోతే నలభై నిమిషాల్లో ఏడో దిబ్బ. ఎర్రబండిని పోటుకి వదిలెయ్యొచ్చు. మూడోది అయిపోయింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనరు, పైగా కాపాడానంటారు. వదిలెయ్, పద పోదాం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు చేతకాలేదక్కా," అంది మాణిక్యం. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "మొదట్లోనే నీకిచ్చుంటే ఇట్టా అయ్యేది కాదు. బండికి నీ చెయ్యి తెలుసు."

"ఆ నూనె డబ్బా అవతల పారెయ్," అన్నాను.

అది నా వైపు వెర్రిగా చూసింది.

"నూనె వల్లే జారతంది. బెల్టు పొడిగా ఉండాల. చేతుల బూడిద తీయి."

నూనె చేతులు తోముకోవడానికి సవారీ వాళ్ళ దగ్గర ఎప్పుడూ బూడిద సంచి ఉంటుంది. ఇద్దరివీ గుమ్మరించాం. ముందు బండి ఇంకా దిగకుండా ఆపాలి. నా దగ్గర పలక ఒక్కటే ఉంది, కర్రి కింద ఉంది. దాన్ని లాగి ఎర్రబండి కింద దూర్చాను. మాణిక్యం నా చెయ్యి పట్టుకుంది.

"కర్రి దిగిపోద్దక్కా."

"తొందరగా తుడువు."

కప్పీలకి బూడిద అద్ది నా కొంగుతో తుడిచాను, మళ్ళీ అద్దాను, మళ్ళీ తుడిచాను. గుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా. మాణిక్యం బెల్టు తీసి, బూడిదతో తోమి, నున్నబడ్డ పక్కల్ని ఆల్చిప్ప అంచుతో గీకింది. నేను చెప్పకముందే గీకడం మొదలుపెట్టింది. గరుకైతే పట్టుకుంటుందని దానికే తోచింది. అంత హడావిడిలో కూడా, ఆ ఆలోచన నాకు ముందు రాలేదే అని నాకు చిన్న మంట.

గంట పైన పట్టింది. తల తిప్పి చూస్తే కర్రి సీటు దాకా దిగిపోయింది. హ్యాండిల్ పట్టుకుని ఇద్దరం లాగాం. కదల్లేదు. దూరంగా తెల్లటి గీత కనపడింది. పోటు లేచింది.

"ఎక్కు," అంది మాణిక్యం.

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి వెనక సీట్లో కూర్చున్నాను. ఒళ్ళో జల్లెడ రేకులు. అది మీట నెమ్మదిగా నొక్కింది. తన్నలేదు, అరవలేదు. బెల్టు పట్టుకుంది. బురదలోంచి చక్రాలు ఒక్కొక్కటిగా పైకొచ్చాయి. ముప్పై తొమ్మిదో గుంజ దగ్గర నీళ్ళు చక్రాలని తాకాయి, నలభయ్యోది దాటేసరికి సగం మునిగాయి. ఏడో దిబ్బ వాళ్ళు అప్పటికే తాళ్ళు పట్టుకుని నీళ్ళలోకి దిగి ఉన్నారు.

సీటు మెత్తగానే ఉంది.

దారిలో ఒకసారి మాణిక్యం తల తిప్పకుండా అడిగింది, "నూనె అని నీకెట్టా తెలిసిందక్కా?"

"వాసన బట్టి," అన్నాను.

అమావాస్య

మధ్యాహ్నం పాటులో ఇద్దరం ఎర్రబండి మీద తిరిగొచ్చాం. ఇరవై ఏడో గుంజ దగ్గర కర్రి హ్యాండిల్ ఒక్కటే పైకుంది, దాని మీద ఒక పీత ఎండకి కూర్చుని ఉంది. మాణిక్యం బండి ఆపబోతే ఆపొద్దన్నాను.

ఇప్పుడు కట్ట మీద గుడారం కింద అందరూ కూర్చున్నారు. చిన్నవాళ్ళు ముందు చదవాలి, పెద్ద సవారీ చివర చదవాలి. మాణిక్యం చదవడం అయిపోయింది. టీకి ఆపారు. ఈ కాసేపట్లో మోకాలి మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మాణిక్యం పుస్తకం మూడంటే మూడే పేజీలు. రోజుకి రెండు ముక్కలు. పాడ్యమి, తొలి నూనె అక్క పెట్టింది. సప్తమి, అక్క బెల్టు మార్చింది, అక్క చేతిలో పని చూస్తే బాగుంటుంది. ద్వాదశి, అక్క చెప్పినట్టే లోపల కూడా పెట్టాను. ప్రతిరోజూ అంతే, అక్క చెప్పినట్టు, అక్క చెప్పినట్టు. నా మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. పంచమి నాడు నేను పదిమందిలో దులిపేసిన సంగతి అసలు రాయనే లేదు. చివర చతుర్దశి, నూనె వల్ల బెల్టు జారుతోందని అక్క కనిపెట్టింది, నా కోసం కర్రిని పోగొట్టుకుంది.

చదివి పుస్తకం మూసి, "నాదో మనవి," అంది. "ఎర్రబండి అక్కకే ఇయ్యండి. ఏడో దిబ్బ దారి కూడా. దాని జబ్బేంటో తెలుసుకున్నది అక్క. నేను అయిదో దిబ్బకి కాలినడకన ఎల్లొస్తా."

బసవపున్నయ్యగారు తల ఊపారు. "మూడోసారి దారిలో చెడింది గానీ, బాగుపడి చేరింది. కాబట్టి రెండే లెక్క. బండి ఇక్కడే ఉంటది. మాణిక్యం అడిగింది న్యాయంగానే ఉంది. ఏవంటారు?"

ఎవరూ కాదనలేదు. తొట్టి దగ్గర మాట్లాడిన ఆడవాళ్ళు ఇప్పుడు నా వైపు చూసి నవ్వుతున్నారు. మా ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆయనకి పొయ్యి పొగకి కూడా నీళ్ళొస్తాయి, కానీ ఇక్కడ పొయ్యి లేదు. బండి తాళంచెవి బసవపున్నయ్యగారి చేతిలో ఉంది. నా పుస్తకం చదవగానే ఇస్తానన్నారు.

పదిహేను రోజులుగా నేను కోరుకున్నది ఇదే. ఇంతకన్నా ఎక్కువే. ఎర్రబండి, నా దారి, జనం నోట నా పేరు. ఏకాదశి పేజీ, ద్వాదశి పేజీ, కళ్ళు వాటి మీంచి దాటించి చదివితే చాలు. ఎవరూ నా భుజం మీంచి తొంగి చూడరు. వాసన బట్టి అన్న మాటని మాణిక్యం చచ్చేదాకా నమ్ముతుంది. అదే నాకు తట్టుకోలేకుండా ఉంది. నన్ను అంతగా నమ్మమని నేనెవర్నీ అడగలేదు.

కుళ్ళు పోయిందని రాయను, పోలేదు. నిన్న ఆ బురదలోంచి అది బండిని ఎంత మెత్తగా లేపిందో అంత మెత్తగా నేను లేపలేను. ఆ బండికి దాని బొటనవేలే సరైనది. వెనక కూర్చుని ఆ సంగతి తెలుసుకోవడం కర్రి మునగడం కన్నా కష్టమైంది.

టీ గ్లాసులు తీసేస్తున్నారు. మాణిక్యం తన పక్కన చాప దులిపి నాకు చోటు చూపిస్తోంది. బసవపున్నయ్యగారు కానియ్యమ్మా అంటున్నారు.

పాడ్యమి నుంచి మొదలుపెట్టను. ఏకాదశి నుంచి మొదలుపెడతాను, పై పేజీలు తర్వాత. ద్వాదశి దగ్గర గొంతు ఆగితే పుస్తకం మాణిక్యం చేతికే ఇస్తాను. మిగతాది అదే చదువుతుంది. దాని చదువు నాకన్నా స్పష్టంగా ఉంటుంది. అదీ నాకు కుళ్ళే.